ఒక్క రాత్రి కౌలు

ఆరుబయట పడుకోవడానికి కూడా చోటు ముందుగా రాయించుకోవాలని తెలిసినప్పుడు నాకు మొదట నవ్వొచ్చింది. మిరప పండించే ఇంట పుట్టినవాళ్లెవరికైనా వస్తుంది. ప్రత్తిపాడు దగ్గరి మా ఊళ్లో మాఘం మొదలు చైత్రం దాకా మగవాళ్ల పడక కల్లంలోనే. ఎండబోసిన కాయ పక్కన నులకమంచం, మంచు పడితే కప్పడానికి పట్టాలు, దొంగల భయానికి ఒక టార్చిలైటు. నాన్న పక్కన పడుకుని చుక్కలు లెక్కపెట్టిన ఆ రాత్రులకు ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది.

2019లో నాన్న శాన్‌హోసే వచ్చాడు. ఆరు నెలలుంటానన్నవాడు రెండు నెలలకే ప్రయాణం కట్టాడు. "పైన చుక్క కనపడదు, కింద మట్టి తగలదు. ఇందులో నిద్రెలా పడుతుందిరా అబ్బాయ్?" అన్నాడు. అమ్మ పోయాక, 2024లో మళ్లీ రమ్మని బతిమాలితే, "ఈ పంటతో సరి. పొలం కౌలుకిచ్చేసి వస్తాలే" అన్నాడు. యాభై ఏళ్లు దున్నిన నల్లరేగడిని వదులుకుని వచ్చే మనిషికి ఒక్క రాత్రయినా ఆకాశం కింద పడక ఏర్పాటు చెయ్యాలని నాలో పట్టుదల పుట్టింది. యోసెమిటీ గుర్తుకొచ్చింది.

ఆ లోయ ప్రజల వినియోగానికే ఉండాలని 1864లో అబ్రహాం లింకన్ సంతకం చేశాడు. 1890లో అక్కడ జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. అందరిదీ అయిన చోటు గనకనే వంతులు తప్పలేదు. అప్పర్ పైన్స్ వంటి చోట్ల గుడారం వేసుకోవాలంటే, ప్రతి నెలా 15వ తేదీ ఉదయం 7 గంటలకు ఒక నెల రాత్రులను ఒక్కసారిగా విడుదల చేస్తారు. జులై 15 నుంచి ఆగస్టు 14 లోపు కావాలంటే మార్చి 15నే సిద్ధంగా ఉండాలి.

ఇక్కడ ఉదయం ఏడు అప్పుడు మా ఊళ్లో రాత్రి ఏడున్నర. నేను కంప్యూటర్ ముందు, నాన్న తన చివరి పంట పక్కన మంచం మీద, మధ్యన ఫోను.

"యార్డులో లాగా తోసుకుంటారా?"

"తోసుకుంటారు నాన్నా, కంటికి కనపడరు."

"దళారులో?"

"రాయించుకున్న మనిషే ఫోటో ఉన్న కార్డు పట్టుకుని రావాలి. ఇంకొకరికి అమ్ముకోవడానికి లేదు."

"అయితే మన యార్డు కన్నా నయమే" అన్నాడు.

ఏడయింది. ఏ తేదీ నొక్కినా అప్పటికే ఎవరో తీసుకున్నారు. కొన్ని నిమిషాల్లో అంతా ముగిసింది. తప్పు ఎవరిదీ కాదు. చోట్లు కొన్ని, ఆశపడ్డవాళ్లు ఎందరో. నా గొంతు విని నాన్నే ఓదార్చాడు. "ధర పడిన రోజున టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగమా? ఆగు."

ఆగాను. రద్దు చేసుకున్నవాళ్ల చోట్లు మళ్లీ కనబడుతుంటాయని తెలిసి రోజూ వెతికాను. జులై నెలాఖరున ఒక మంగళవారం రాత్రి, ఒక్కటంటే ఒక్క రాత్రి, దొరికింది.

అక్కడ ఎలుగుబంట్ల భయానికి తినుబండారాలన్నీ ఇనుప పెట్టెలో పెట్టాలి. ఆవకాయ సీసా, గోంగూర పచ్చడి సరే, సబ్బూ పేస్టూ కూడా అందులోకే వెళ్తుంటే నాన్న ఆసక్తిగా చూశాడు. ఇన్ని నియమాలేమిటని విసుక్కుంటాడనుకున్నాను. విసుక్కోలేదు. "దోర్నాల నుంచి శ్రీశైలం దారిలో రాత్రిపూట గేటు వెయ్యరూ? అడవికీ నిద్ర కావాలిగా" అన్నాడు. నాకంటే ముందే ఆయనకు సంగతి బోధపడింది. వచ్చినవాళ్లందరినీ రానిస్తే, వాళ్లు చూడవచ్చిందే అక్కడ మిగలదు.

గుడారంలోకి రమ్మంటే రాలేదు. నేల మీద చాప పరిపించుకుని పడుకున్నాడు. పైన్ చెట్ల సందుల్లోంచి చుక్కలు కనబడుతున్నాయి. చాలాసేపటికి అడిగాడు.

"రేపు ఈ చోటెవరిది?"

"మధ్యాహ్నం 12 దాటితే ఇంకెవరిదో."

"కౌలన్నమాట. ఒక్క రాత్రి కౌలు." కొంతసేపు మాట్లాడలేదు. "నేనూ అంతేగదరా. కాకపోతే నాది యాభై ఏళ్లు" అన్నాడు. ఆ తరవాత నిద్రపోయాడు. నాకు మాత్రం పట్టలేదు.

మరుసటి ఏడు మార్చి 15న నేను కంప్యూటర్ ముందు కూర్చోలేదు. సరిగ్గా ఏడు గంటలకు నాన్నకు ఫోన్ చేశాను. కౌలుదారు కల్లానికి కాపలా వెళ్తున్నాడట, ఎవరూ పిలవకుండానే.

"మంచు పడేట్టుంది, పట్టా కప్పుతున్నా. తరవాత చెయ్యి" అని పెట్టేశాడు.