అతన్ని దొంగ అన్నారు: ఆంగ్ల కర్మపూరకం, తెలుగు అనువాదం

ఒక డిగ్రీ కళాశాలలో అనువాద తరగతి. ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద 'దే కాల్డ్ హిమ్ ఎ థీఫ్' అన్న ఆంగ్ల వాక్యం రాసి తెలుగు చేయమన్నాడు. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదువుకొని వచ్చిన ఒక విద్యార్థి లేచి, 'వారు అతని కోసం ఒక దొంగను పిలిచారు' అని చదివాడు. తరగతి అంతా నవ్వింది. ఉపాధ్యాయుడు కూడా నవ్వి, 'వారు అతన్ని దొంగగా పిలిచారు' అని సరిదిద్దాడు. విద్యార్థి తన వాక్యాన్ని కొట్టివేసి, చెప్పినది రాసుకున్నాడు.

ఈ రెండు తెలుగు వాక్యాలూ పరిశీలింపదగినవే. మొదటిది తప్పే అయినా ఆ తప్పు వెనుక ఆంగ్ల వ్యాకరణం ఉన్నది. రెండవది ఒప్పుగా చలామణి అవుతున్నా అందులో తెలుగు వాక్యస్వభావం కొంత లోపించింది.

ఆంగ్లంలో క్రియ తరువాత ఒక సర్వనామం, దాని వెంటనే ఒక నామపదబంధం వచ్చినప్పుడు ఆ రెండింటికీ గల సంబంధాన్ని తెలిపే ప్రత్యయం ఏదీ ఉండదు. 'షి మేడ్ హిమ్ ఎ కోట్' అంటే అతనికి కోటు కుట్టింది. 'షి మేడ్ హిమ్ ఎ స్టార్' అంటే అతన్ని తారను చేసింది. వాక్యాల అమరిక ఒక్కటే. కోటు మనిషి కాదు, తార మనిషి కావచ్చు అన్న లోకజ్ఞానమే అర్థాన్ని నిర్ణయిస్తుంది. 'కాల్ మి ఎ టాక్సీ' అని ఒకరు అడిగితే, 'అలాగే, నువ్వొక టాక్సీవి' అని మరొకరు బదులిచ్చే పాత హాస్యానికి ఆధారం ఇదే. ప్రాచీన ఆంగ్లంలో ఈ సందిగ్ధత ఇంతగా లేదు. ఆనాడు పుంలింగ సర్వనామానికి ద్వితీయలో 'హినె', చతుర్థిలో 'హిమ్' అని వేర్వేరు రూపాలుండేవి. కాలక్రమాన ద్వితీయా రూపం లుప్తమై, చతుర్థీ రూపమే రెండు పనులకూ మిగిలింది. తరగతిలో నవ్వులపాలైన విద్యార్థి 'హిమ్' అన్న పదానికి దాని పాత అర్థాన్నే ఇచ్చాడు! 'అతన్ని', 'అతనికి' అన్న భేదాన్ని నేటికీ నిలుపుకొన్న భాషలో పెరిగినవాడు ఆంగ్లంలోనూ ఆ భేదాన్ని వెదకడం సహజం.

సర్వనామాన్నీ నామపదబంధాన్నీ రెండు వేర్వేరు కర్మలుగా కాక, రెండూ కలిసిన ఒక చిన్న వాక్యంగా చూడాలన్న ఆలోచన ఆంగ్ల వ్యాకర్తలలో ఉన్నది. ఒటో యెస్పర్సన్ 1924లో ప్రచురించిన గ్రంథంలో ఇటువంటి సంబంధాన్ని 'నెక్సస్' అన్నాడు. అంటే 'హిమ్ ఎ థీఫ్' అన్నచోట 'అతడు దొంగ' అన్న వాక్యం అణగి ఉన్నదన్నమాట. ఆంగ్లంలో అణగి ఉన్న ఈ వాక్యం తెలుగులో పైకి వినిపిస్తుంది. 'అతన్ని దొంగ అన్నారు' అన్న వాక్యంలో 'అతన్ని' ద్వితీయలో ఉన్నది, 'దొంగ' ప్రథమలోనే ఉన్నది. కారణం, 'దొంగ' అన్నది ఎవరో పలికిన మాట. చేకూరి రామారావు 'తెలుగు వాక్యం' (1975)లో అనుకృతి వాక్యాలను గురించి చేసిన చర్చ ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. క్రియ మారితే రూపమూ మారుతుంది. 'అతన్ని దొంగను చేశారు' అన్నప్పుడు రెండు పదాలూ ద్వితీయను పొందుతాయి. అది ఇతరులు పలికిన మాట కాదు, ఇతరులు చేసిన పని. 'దొంగ కింద జమకట్టారు' అంటే లెక్కలో చేర్చారు. 'దొంగ అనుకొన్నారు' అంటే తమలో తాము అలా చెప్పుకొన్నారు. అది నిజం కాకపోవడానికి అందులోనే చోటున్నది. ఆంగ్లం సందర్భానికి వదిలిపెట్టిన నిర్ణయాన్ని తెలుగు వక్త నోరు తెరవగానే తీసుకోక తప్పదు.

అనువాద తెలుగు ఇన్ని దారులను మూసి 'గా' ప్రత్యయం ఒక్కదాన్నే తెరిచి ఉంచుతున్నది. 'గోదావరిని దక్షిణ గంగగా పిలుస్తారు', 'టంగుటూరి ప్రకాశంను ఆంధ్రకేసరిగా పిలుస్తారు' అన్న వాక్యాలు పోటీ పరీక్షల పుస్తకాలలో కోకొల్లలు. గోదావరిని జనం దక్షిణ గంగ అంటారు. ప్రకాశాన్ని ఆంధ్రకేసరి అన్నారు. 'గా'తో పేచీ ఏమీ లేదు. 'ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకొన్నారు' అన్నచోట అది చక్కగా ఒదుగుతుంది, ఎందుకంటే అధ్యక్షత ఒక హోదా, ఒక పని. పిలుపు హోదా కాదు. ఇక 'పిలువబడుచున్నాడు' అన్న రూపం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది.

ఇది కేవలం శైలికి సంబంధించిన చర్చ అయితే ఇంత దూరం రావలసిన అవసరం లేదు. 'దొంగ అనుకొని కొట్టారు' అన్న వార్తలో, కొట్టినవారు పొరబడి ఉండవచ్చునన్న సూచన ఉన్నది. 'దొంగగా గుర్తించి కొట్టారు' అంటే ఆ సూచన మాయమవుతుంది. అతడు దొంగేనని, వారు దాన్ని కనిపెట్టారని పాఠకుడు గ్రహిస్తాడు. దెబ్బలు తిన్న మనిషికి ఈ రెండింటి నడుమ తేడా చిన్నది కాదు.

చట్టం చేతిలో పడినప్పుడు ఈ నిర్మాణం మరింత బరువెక్కుతుంది. వలస ప్రభుత్వం 1871లో తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని సమూహాలను సమూహాలుగానే నేరస్థులని ప్రకటించడానికి వీలు కల్పించింది. 1911 నాటి చట్టంతో అది మద్రాసు రాజధానికీ వర్తించింది. ఎరుకలవారు ఆ జాబితాకెక్కారు. బాపట్ల సమీపంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఏర్పడింది. వేలిముద్రలు, హాజరు, అనుమతి లేనిదే ఊరు దాటరాదన్న కట్టడి ఆ ప్రకటన వెంట వచ్చాయి. ఆ చట్టం 1952లో రద్దయింది. అయినా తెలుగు పుస్తకాలలో 'నేరస్థ జాతిగా గుర్తించబడిన' అన్న మాట నేటికీ కనిపిస్తుంది. ఎవరు గుర్తించారో ఆ వాక్యం చెప్పదు. పైగా, గుర్తించడానికి ముందే అక్కడ నేరం ఉన్నదన్న అర్థాన్ని మోస్తుంది.

ఆ విద్యార్థి ఊరు బాపట్లకు దగ్గరే. ఆ ఏడాది అనువాద పరీక్షలో 'ద గవర్నమెంట్ డిక్లేర్డ్ దెమ్ ఎ క్రిమినల్ ట్రైబ్' అన్న వాక్యం వచ్చింది. అతడు 'సర్కారు వారిని దొంగజాతిని చేసింది' అని రాశాడు. చరిత్రగా చూస్తే ఆ వాక్యానికి వంక పెట్టలేము. అనువాదంగా మాత్రం అది నిలవదు. మూలంలో ఉన్నది ప్రకటన. దాని ఫలితాన్ని అనువాదకుడు తన ఖాతాలో చేర్చకూడదు. ప్రకటించినవారి మాటను ప్రకటించినవారి నోటనే ఉంచే 'అని' ఇక్కడ కావలసినది. 'గా' వాడితే ఆ మాట రచయితదో ప్రభుత్వానిదో తెలియకుండా పోతుంది.

ఉపాధ్యాయుడు 'చేసింది' కింద ఎర్రగీత గీసి అర మార్కు వేశాడు. అంచున సరైన వాక్యం రాయబోయి, 'నేరస్థ జాతిగా' వరకు వచ్చి ఆగాడు. దాన్ని కొట్టివేసి, దాని కింద 'నేరస్థ జాతి అని ప్రకటించింది' అని రాశాడు.