గులకరాళ్ల కానుక

వనపర్తిలో ఒక విశ్రాంతోపాధ్యాయుని యింటి అటకమీద 18 సంవత్సరములుగా ఒక గాజు తొట్టి బోర్లించి యుండెను. ఆయన నాగర్‌కర్నూలులో పనిచేసిన దినములలో అందు రంగురంగుల చేపలు తిరుగాడుచుండెడివి. ప్రతి సాయంకాలము కేసరిసముద్రము కట్టమీద నడచివచ్చి, ఆ తొట్టి యెదుట కూర్చుండుట ఆయనకు అలవాటు.

ఆయనకు శుభ్రతయన్న మిక్కిలి ప్రీతి. ప్రతి ఆదివారము తొట్టిలోని నీరంతయు పారబోసి, అడుగునగల గులకరాళ్లను తోమి కడిగి, కుళాయినీరు నింపుచుండెను. అద్దము తళతళలాడెడిది. కాని చేపలు నీటిపైకి వచ్చి, నోళ్లు తెరచి, ఊపిరికై తపించి, ఒక్కొక్కటిగా మరణించెడివి. చివరి చేప పోయిన నాడు ఆయన తొట్టిని అటక యెక్కించెను. ప్రాణులను పెంచు యోగ్యత తనకు లేదని నిశ్చయించుకొనెను.

ఒక వేసవి సెలవులలో వచ్చిన మనుమరాలు ఆ తొట్టిని చూచి, “తాతా! ఇందులో చేపలు పెంచుదము” అని పట్టుపట్టెను. ఆయన చాలసేపు మాటాడలేదు. మరునాడు గద్వాలకు పోయి, చేపలను పెంచుచున్న పాతమిత్రుని నాలుగు చేపలడిగెను. మిత్రుడు చేపల నీయలేదు. తన తొట్టి యడుగునుండి రెండు గుప్పెళ్ల జిగట గులకరాళ్లను తీసి, అదే నీటితో డబ్బాలో పోసి, “వీనిని కడుగవద్దు, ఎండనీయవద్దు” అని చేతికిచ్చెను. కారణమును వివరించెను.

చేపల విసర్జనలనుండి, మిగిలిన మేతనుండి నీటిలో అమ్మోనియా పుట్టును. అది మొప్పలను కాల్చు విషము. కంటికి కానరాని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును. అదియు విషమే. మరియొక జాతి సూక్ష్మజీవులు నైట్రైటును నైట్రేటుగా మార్చును. ఇది కొద్దిగా నున్నచో చేపలకు హాని లేదు, నీటిమొక్కలకు ఆహారము. ఈ సూక్ష్మజీవులు రాళ్లను అంటిపెట్టుకొని బ్రతుకును. కొత్త తొట్టిలో అవి తగినంత వృద్ధి యగుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును. కుళాయినీటిలోని క్లోరిను వానిని చంపును.

తిరుగు ప్రయాణమున బస్సు బీచుపల్లివద్ద కృష్ణను దాటుచుండగా ఆయన డబ్బాను ఒడిలో భద్రముగా పట్టుకొని కూర్చుండెను. తాను మురికియని తోమివేసినదే ఆ చేపలకు ప్రాణరక్ష యని తెలిసి, ఆయన కన్నులు చెమర్చెను.

క్లోరిను పోవుటకు ఒక దినము ఆరుబయట నుంచిన నీటితో తొట్టిని నింపి, నీటిమొక్కలు నాటి, గాలిపంపు నమర్చి, ఆ రాళ్లను అడుగున పరచిరి. సూక్ష్మజీవుల కొరకై దినమునకు చిటికెడు మేత వేయుచుండిరి. “చేపలు లేని తొట్టికి మేత యేల తాతా?” అని బాలిక నవ్వెను.

రెండవ వారమున నీరు పాలవలె మసకబారెను. ఆయన చేయి అప్రయత్నముగా బకెట్టు నందుకొనెను, మరల ఆగెను. ఆనాడు మనుమరాలిని వెంటబెట్టుకొని శ్రీరంగాపురమునకు పోయెను. వనపర్తి ప్రభువులు త్రవ్వించిన సప్తసముద్రములలో నొకటియైన రంగసముద్రము అచట రంగనాయకస్వామి ఆలయము చెంత నున్నది. “ఇంత చెరువును ఎవరు కడుగుదురు తాతా?” అని ఆమె యడిగెను. “ఎవరును కడుగరు బిడ్డా! దాని యడుగున నున్న జీవులే దానిని కాపాడును” అని ఆయన చెప్పెను. ఆ మాట తనకును సమాధానమయ్యెను.

నీరు తనంతట తానే తేటపడెను. ప్రతిదినము బాలిక గాజుగొట్టములో నీరు తీసి, పరీక్షాద్రవపు చుక్కలు వేసి చూచుచుండెను. ఐదవ వారమున అమ్మోనియాగాని, నైట్రైటుగాని కానరాలేదు. అప్పుడు నాలుగు గప్పీ చేపలను తెచ్చి విడిచిరి. మరునాటి ఉదయము ఆయన తొట్టిని సమీపించుటకు జంకెను. నాలుగును మొక్కల నడుమ ఈదుచుండెను.

సెలవులు ముగిసి వెళ్లునపుడు మనుమరాలు, “తాతా! రాళ్లు కడుగకుము” అని హెచ్చరించెను. నేటికిని ఆయన వారమున కొకసారి నాలుగవవంతు నీటిని మాత్రమే మార్చును. ప్రేమించుట ఒక్కటే చాలదు. ప్రేమించిన ప్రాణికి ఏమి కావలయునో తెలిసికొనవలయును. ఆ తెలివికి ఓర్పు తోడు కావలయును.