కోటలో కాపురం

వరంగల్లు చూడబోయిన వారు వేయిస్తంభాల గుడి చూస్తారు, భద్రకాళి చెరువు గట్టున కాసేపు కూర్చుంటారు, పొద్దుంటే ఆటో మాట్లాడుకుని ఖిలా వరంగల్‌కు వెళ్ళి తోరణాల ముందు ఫోటో దిగి తిరిగి వస్తారు. ఆ తోరణం మనందరికీ పరిచయమే. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజముద్రలో చోటు చేసుకున్నది అదే. అయితే ఆ తోరణాల చుట్టూ, రాతిగోడల లోపల, వందలాది కుటుంబాలు తరతరాలుగా కాపురం చేస్తున్నాయన్న సంగతి ఫోటో దిగి వచ్చేవారిలో ఎందరు గమనిస్తారు?

రైల్వేస్టేషను నుండి కోట ఎంతో దూరం లేదు. ఊరు దాటుతుండగా ముందు మట్టికోట కట్ట ఎదురవుతుంది. ఇప్పుడది చెట్టూ చేమా మొలిచిన పొడవాటి దిబ్బలా కనిపిస్తుంది. దాన్ని దాటి వెళ్తే కందకం, కందకం వెనుక రాతికోట. గణపతిదేవుడు మొదలుపెట్టగా ఆయన కుమార్తె రుద్రమదేవి పూర్తి చేయించిందని చెప్పే గోడ ఇదే. ద్వారం దగ్గర దారి సూటిగా లోపలికి పోదు, మలుపులు తిరుగుతుంది. శత్రువు ఏనుగులతో తోసుకుని రాకుండా ఆనాటివారు చేసిన ఏర్పాటు అది. ఈనాడు ఆ మలుపుల్లోనే ఆటోలు, ట్రాక్టర్లు హారను మోగించుకుంటూ ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటాయి. 1323లో ప్రతాపరుద్రుని కాలంలో ఢిల్లీ సైన్యం కోటను పట్టుకుంది. రాజ్యం పోయింది గాని ఊరు పోలేదు. కోట లోపల కిరాణా కొట్లున్నాయి, బడి ఉంది, గుడి ఉంది, మసీదు ఉంది. గేదెలు ఇంటిముఖం పట్టే వేళకు వీధిలో నడవడానికి సందుండదు.

నేను అప్పుడప్పుడు కుటుంబాలను పరామర్శించడానికి ఆ కోటలోకి వెళ్తుంటాను. అక్కడ ఏ ఇంట కూర్చున్నా పదినిమిషాలు గడవకముందే మాట ఇంటి మీదికి మళ్ళుతుంది. ఒక పెద్దాయన ఇల్లు చెబుతాను. రాయి, సున్నం కలిపి కట్టిన గోడలు, పైన పెంకులు, మూడు అర్రలు. ఇద్దరు కొడుకులకూ పెళ్ళిళ్ళయ్యాయి. వానాకాలం వస్తే గిన్నెలన్నీ కారే చోట్ల కిందికి చేరతాయి. ఒకవైపు గోడ కడుపుబ్బినట్టు బయటికి వంగింది.

“ఇల్లు మాదే అయ్యగారూ, పన్ను మేమే కడుతున్నం. కానీ మీద ఒక్క అర్ర ఏసుకుందామంటే ఒద్దంటున్నరు. కోట గట్టిన రాజులు పోయిండ్రు, కోట ఉన్నది. మేం ఉన్నం, మాకేమో ఇల్లు సాలుత లేదు” అన్నాడాయన.

ఆ మాటలో బాధ ఉంది, న్యాయమూ ఉంది. అయితే “ఒద్దంటున్నరు” అన్న మాట వెనుక చట్టం నిజంగా ఏమి వద్దన్నదో, దేనికి సరేనన్నదో ఆ ఇంట్లో ఎవరికీ స్పష్టంగా తెలియదు. ఆ వీధిలోనూ అంతే. కొందరు భయపడి పగిలిన పెంకు కూడా మార్చకుండా ఇంటిని వానకు వదిలేస్తున్నారు. మరికొందరు తెగించి రాత్రికి రాత్రే పిల్లర్లు లేపి, ఆపైన నోటీసు అందుకుని తలపట్టుకుంటున్నారు. ఈ రెండూ నష్టమే. అందుకే సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాం.

ప్రాచీన కట్టడాల రక్షణకు మన దేశంలో 1958లో కేంద్ర చట్టం వచ్చింది. 1992 జూన్ 16న ఒక ప్రకటన ద్వారా రక్షిత కట్టడం హద్దు నుండి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతమనీ, అక్కడి నుండి మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతమనీ నిర్ణయించారు. 2010లో చట్టాన్ని సవరించి ఈ హద్దులను చట్టంలోనే చేర్చారు, జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థను ఏర్పాటు చేశారు. ఒక్క గుడి ఉన్న ఊరిలో అయితే ఆ గుడి చుట్టూ ఒక వలయం గీస్తే సరిపోతుంది. ఖిలా వరంగల్‌లో గోడ రక్షితమే, ద్వారాలు రక్షితమే, నడుమ తోరణాలూ రక్షితమే. ఒక వలయం నుండి తప్పించుకున్న ఇల్లు మరొక వలయంలో పడుతుంది. కోటలోనివారి చిక్కంతా అక్కడే ఉంది.

ఇక ఇంటి యజమాని మనసులో పెట్టుకోవలసిన మాటలు మూడు: మరమ్మతు, పునర్నిర్మాణం, కొత్త నిర్మాణం. మనం మాట్లాడుకునేటప్పుడు మూడింటినీ కలిపి “ఇల్లు బాగుచేసుకోవడం” అంటాం. చట్టం మాత్రం వీటిని విడివిడిగా చూస్తుంది. ఉన్న ఇంట్లో మార్పులు చేసుకోవడం మరమ్మతు. ఉన్న ఇంటిని తీసి అదే పొడవు, అదే వెడల్పు, అదే ఎత్తులో తిరిగి కట్టడం పునర్నిర్మాణం. పక్కకు గాని పైకి గాని కొత్తగా లేపేది కొత్త నిర్మాణం.

నిషేధిత ప్రాంతంలో, అంటే మొదటి 100 మీటర్లలో, కొత్త నిర్మాణానికి అనుమతి లేదు. పైన అర్ర వేయడమూ, పెరటిలోకి గోడ జరపడమూ దీని కిందికే వస్తాయి. కాని 1992 జూన్ 16కు ముందు నుండి ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకుంటామంటే అర్జీ పెట్టుకోవచ్చునని ఆ చట్టమే చెబుతోంది. కారే కప్పు సరిచేసుకోవడం, వంగిన గోడను నిలబెట్టుకోవడం, ఉన్న గోడల లోపలే ఒక మూలను మరుగుదొడ్డిగా మార్చుకోవడం వంటి పనులకు అడిగే దారి ఉంది. ప్రజల కోసం వేసే మురుగుకాల్వలు, మంచినీటి గొట్టాలు, కరెంటు తీగలు నిర్మాణం లెక్కలోకే రావు. ఆ తరువాతి 200 మీటర్లలో అనుమతి తీసుకుని పునర్నిర్మాణమే కాదు, కొత్త ఇల్లు కూడా కట్టుకోవచ్చు. ఎత్తు మొదలైన షరతులకు మాత్రం లోబడాలి.

అర్జీ తీసుకోవడానికి ప్రభుత్వం నియమించిన అధికారిని కాంపిటెంట్ అథారిటీ అంటారు. ఆయన 15 రోజుల్లో దానిని ప్రాధికార సంస్థకు పంపాలి. సంస్థ రెండు నెలల్లో తన అభిప్రాయం చెప్పాలి. అది అందిన నెలరోజుల్లో అధికారి అర్జీదారుకు జవాబు ఇవ్వాలి. అర్జీ ఆన్‌లైన్‌లోనూ పెట్టుకోవచ్చు. ఇల్లు 1992కు ముందు నుండి ఉందని చూపించే పన్ను రసీదు, పాత దస్తావేజు, కరెంటు బిల్లు వంటి కాగితాలు పెట్టె అడుగున ఉంటే బయటికి తీసి భద్రపరచుకోండి. మున్సిపాలిటీ అనుమతి దీనికి వేరు. ఒకటి దొరికితే రెండోది దొరికినట్టు కాదు. అనుమతి లేకుండా కడితే రెండేళ్ళ వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. మేస్త్రీ చెప్పాడనో, పక్కింటివారు కట్టారనో పని మొదలుపెట్టకూడదు.

ఇంత కట్టుదిట్టం ఎందుకని అడగవచ్చు. తోరణాల నడుమ నిలబడి నాలుగు దిక్కులా చూడండి. జవాబు అక్కడే దొరుకుతుంది. నేలమీద చెల్లాచెదురుగా పడి ఉన్న శిల్పాల నడుమ ఆ నాలుగు తోరణాలు ఆకాశాన్ని ఆనుకుని నిలిచి ఉన్నాయి. వాటి వెనుక ఐదంతస్తుల మేడ, దానిమీద నీళ్ళ ట్యాంకు ఉన్నాయనుకోండి, ఆ చోటికి ఇక అర్థం ఉండదు. కనిపించని కారణం మరొకటి ఉంది. ఈ నేల కింద ఏముందో పూర్తిగా ఎవరూ తవ్వి చూడలేదు. పిల్లరు కోసం ఆరడుగుల గొయ్యి తీస్తే ఏడువందల ఏళ్ళ నాటి పునాది తెగిపోవచ్చు. తెగినదాన్ని మళ్ళీ అతికించలేం.

అయితే రెండవ పక్షం కూడా వినాలి. పటం మీద వలయం గీసేటప్పుడు చిన్న సమాధికీ, మైళ్ళ పొడవు గోడకూ కొలత ఒక్కటే. వలయం లోపల ఉన్నది ఖాళీ పొలమా, పిల్లాపాపలున్న ఊరా అని ఆ కొలత చూడదు. కుటుంబం పెరుగుతుంది, ఇల్లు పెరగదు. కొడుకులు బయట అద్దె ఇళ్ళకు పోతారు, ముసలివారు మిగులుతారు, వారి తరువాత ఇల్లు కూలుతుంది. మనుషులు లేని వీధిలో కోటను కనిపెట్టి ఉండేవారెవరు?

ఈ చిక్కు వరంగల్లు ఒక్కదానిదే కాదు. మనకు పొరుగున ఉన్న హంపిలో విరూపాక్ష దేవాలయం ఎదుటి బజారు వీధిలో పాత మండపాలను ఆనుకుని కొన్ని వందల మంది కాపురం ఉండేవారు, దుకాణాలు నడుపుకునేవారు. 2011 జూలైలో అధికారులు అక్కడి ఇళ్ళు, కొట్లు కూల్చివేయించారు. ఆ మండపాలను కాపాడవలసిందే, అందులో సందేహం లేదు. కాని ఇప్పుడు ఆ వీధిలో నడిచేవారికి రాళ్ళు కనబడతాయి, బజారు కనబడదు.

మన యానాం ఏ పరిపాలన కింద ఉందో ఆ పుదుచ్చేరిలోనే ఇంకొక దారి చూడవచ్చు. అక్కడ తమిళులుండే పేటలో వైశ్యాళ్ వీధి అని ఒకటుంది. వీధివైపు పెంకుల వసారా, దాని కింద బాటసారి కూర్చునే అరుగు, లోపల నడవ, దొడ్డి. అటువంటి ఇళ్ళ వరుస అది. ఇంటాక్ అనే వారసత్వ సంస్థ ఆ ఇళ్ళ యజమానులతో మాట్లాడి, ముఖభాగాలు బాగుచేయడానికి అయ్యే ఖర్చులో తానూ కొంత భరించి, వీధిని నిలబెట్టింది. ఆ పనికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. అక్కడ ఇల్లు యజమానిదిగానే ఉంది, అందం మాత్రం ఊరందరిదీ అయింది. “చేయవద్దు” అన్న మాటకు తోడు “ఇలా చేయండి, మేమూ ఒక చెయ్యి వేస్తాం” అన్న మాట కూడా పలికినందువల్ల అది సాధ్యమైంది.

పాత ఇల్లు బాగుచేసుకునేవారికి ఒక చిన్న సలహా. సున్నంతో కట్టిన గోడమీద సిమెంటు పూత వేయించకండి. సున్నపు గోడ తడిని పీల్చుకుని మళ్ళీ బయటికి వదులుతుంది. సిమెంటు పూస్తే ఆ తడి లోపలే నిలిచి గోడను గుల్ల చేస్తుంది. వెనుకటివారు గానుగసున్నంలో ఇసుక, కరక్కాయ నీళ్ళు, బెల్లపు నీళ్ళు కలిపి పూసేవారు. ఆ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు గాని వెతికితే దొరుకుతారు. పునాది పనిలో శిల్పమో శాసనమో బయటపడితే దాన్ని అరుగు రాయిగా వేసుకోకుండా, దాచకుండా అధికారులకు తెలియజేయండి.

కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టి తీరాలని, లేకపోతే ఎవరైనా పడితే ఆ దోషం ఇంటివానిదేనని మోషే ధర్మశాస్త్రంలో ఒక నియమం ఉంది. ఇల్లు మనదైనా దాని కట్టుబడిలో ఇతరుల క్షేమానికి భాగముందని దాని భావం. కోటలో కాపురమున్న వారిని ఊరు కోరేది అటువంటిదే. కాని ఆ నియమం ఇల్లే కట్టవద్దని చెప్పలేదు. పిట్టగోడ ఎలా కట్టాలో చెప్పి కట్టుకోమంది. ప్రభుత్వం కూడా వీధి వీధికీ కొలత వేసి, ఏ ఇంటికి ఏది చెల్లుతుందో తెలుగులో రాయించి వార్డు ఆఫీసు గోడకు అంటిస్తే సగం నోటీసుల అవసరం ఉండదు. ఏ అర్జీకైనా గడువులోగా అవునో కాదో జవాబు రావాలి. నిషేధిత హద్దులో పడి ఇక పెరగలేని కుటుంబాలకు నియంత్రిత ప్రాంతంలోనో, కోట వెలుపలనో ఇంటిస్థలం చూపించాలి. రాయిని కాపాడినంత శ్రద్ధగా రాయి పక్కన పొయ్యి వెలిగించేవారినీ కాపాడితేనే ఆ కోట బ్రతికి ఉన్న ఊరుగా మన పిల్లలకు అందుతుంది.