పొడి జుట్టు మీదే కత్తెర

బ్లూ లైన్ మెట్రోలో నోయిడా సెక్టర్ 18 దగ్గర దిగి అట్టా మార్కెట్ వెనక సందులోకి మళ్లితే, ఇరుకు మెట్ల మీద ఒక సెలూన్ ఉంది. కత్తెర పని నేర్చుకునే కుర్రాళ్లకు శనివారం మధ్యాహ్నం అక్కడ రింగుల జుట్టు పాఠం చెబుతారంటే చూద్దామని వెళ్లాను. చెప్పేది ఈ వృత్తిలోనే పుట్టి పెరిగిన పశ్చిమ యూపీ మనిషి. కుర్రాళ్లు ఆయన్ని ఉస్తాద్‌జీ అంటారు.

ఆ రోజు కుర్చీలో కూర్చున్నవాడు ప్రొద్దుటూరు అబ్బాయి. సెక్టర్ 62లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తెలుగు వినగానే ముఖం వెలిగింది. "అన్నా, పదో తరగతి దాకా నా జుట్టు రింగులు తిరుగుతుందని నాకే తెలీదు. పెరగనిస్తే కదా!" అన్నాడు. మన ఇళ్లలో ఆడపిల్లకు ఉంగరాల జుట్టుంటే నూనె పెట్టి, చిక్కు తీసి, జడ వేసి దాన్ని ఏదో ఒక దారికి తెస్తారు. మగపిల్లాడిదైతే సమ్మర్ కటింగ్, స్కూలు తెరిచే ముందు ఇంకో కటింగ్, అంతటితో సరి. పాతికేళ్లొచ్చి నాలుగు అంగుళాలు పెంచుకుందామనుకునేసరికి ఆ జుట్టుతో ఏం చేయాలో చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరూ ఉండరు. ఈ పాఠం అవసరం అక్కడే ఉంది.

మామూలు సెలూన్లో కూర్చోగానే తల మీద నీళ్లు చల్లుతారు. ఉస్తాద్ నీళ్ల సీసా ముట్టుకోలేదు. ఒక రింగును వేళ్లతో పట్టి ముక్కు దాకా సాగదీసి వదిలాడు. అది మళ్లీ కనుబొమ్మ పైకి పోయింది. "తడిపి కోస్తే దీని అసలు పొడవు కనబడదు. తడిలో సరిగ్గా ఉందనుకుంటాం, ఆరాక రెండు అంగుళాలు పైకి లేస్తుంది. కస్టమర్ ఇంటికెళ్లి ఏడుస్తాడు" అన్నాడు హిందీలో. దీన్ని ష్రింకేజ్ అంటారు. వెంట్రుకలోని కెరాటిన్ పోగుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు నీళ్లు తగిలితే విడిపోతాయి, ఆరేటప్పుడు మళ్లీ కుదురుకుంటాయి. డైసల్ఫైడ్ బంధాలు మాత్రం నీళ్లకు లొంగవు. అందుకే తలస్నానం చేసినప్పుడల్లా సాగిన రింగు ఆరగానే మళ్లీ తన చోటికి వస్తుంది. అసలు రింగు తిరగడం నెత్తి లోపలే మొదలవుతుంది. వెంట్రుక కుదురు వంపుగా ఉంటే దాంట్లోంచి వచ్చేదీ వంపు తిరుగుతుంది.

ఉస్తాద్ ఒక్కో రింగును విడిగా పట్టుకుని, అది వంగే చోటు చూసి కొస మాత్రం కత్తిరించాడు. జుట్టును పలచన చేసే పళ్ల కత్తెరను కుర్రాళ్లకు చూపించి పక్కన పెట్టేశాడు. ఒకే రింగులో సగం పొట్టి, సగం పొడుగు అయితే పొట్టివన్నీ బయటికి పొడుచుకొస్తాయి. ఫ్రిజ్ అని మనం విసుక్కునే చెదిరిన జుట్టులో చాలా భాగం ఆ కత్తెర చేసిన పనేనని ఆయన నమ్మకం. ఆ పని చూశాక నాకూ అదే నమ్మకం కలిగింది. గంటన్నర పట్టింది.

ఆ తర్వాతి పాఠం నీళ్ల గురించి. కుర్రాళ్లచేత రెండు గాజు గ్లాసులు తెప్పించాడు. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, రెండోదాంట్లో ఆర్వో నీళ్లు. రెండింట్లోనూ కాస్త సబ్బు తరుగు వేసి గిలకొట్టమన్నాడు. ఆర్వో గ్లాసు నిండా నురుగొచ్చింది. కుళాయి నీళ్లలో నురుగు లేదు, తెల్లటి తెట్టు తేలింది. "రోజూ తలకు పట్టేది ఇదే" అన్నాడు, తెట్టును వేలితో తీసి చూపిస్తూ.

నోయిడాలో గంగ నీళ్లు, బోరు నీళ్లు రెండూ ఉన్నాయి. చాలా సొసైటీల్లో అవి కలిసే వస్తాయి. గురుగ్రామ్‌లో బోర్లను నమ్ముకున్న కాలనీలు ఎన్నో. తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 600 దాకా సర్దుకోవచ్చు. అది తాగడానికి పెట్టిన లెక్క, జుట్టుకు కాదు. కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిస్తే ఆ తెట్టవుతుంది, అది వెంట్రుక మీద పొరలా అంటుకుంటుంది. మగవాళ్లలో ఎందరో ఒంటికి రుద్దుకున్న సబ్బునే తలకూ రుద్దేస్తారు కనుక ఈ కష్టం వాళ్లకే ఎక్కువ. రింగుల జుట్టు అసలే పొడి. నెత్తి మీద ఊరే సహజమైన నూనె తిన్నటి వెంట్రుక మీద జారినట్టు ఇన్ని వంపులు దాటి కొసకు చేరలేదు.

ఆయన చెప్పిన ఉపాయానికి ఖర్చు లేదు. తలకు సబ్బు మానాలి. షాంపూ తెట్టు కట్టదు. స్నానమంతా కుళాయి నీళ్లతో చేసినా చివర ఒకట్రెండు మగ్గులు ఆర్వో నీళ్లు పోసుకోవాలి. ఆర్వో మిషను బయటికి వదిలే నీళ్లను, వృథా పోనివ్వడమెందుకని, తలకు వాడేవాళ్లున్నారు. అందులో లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి, ఇల్లు తుడవడానికి వాడుకోండి. పేరుకున్న పొర వదలడానికి నెలకోసారి క్లారిఫైయింగ్ షాంపూ చాలు.

ఇక ఈ రింగుల జుట్టు లోకంలో తిరిగే మాటలు. 2బి, 3ఏ వంటి అంకెలు ఓప్రా విన్‌ఫ్రే హెయిర్ స్టయిలిస్టు ఆండ్రీ వాకర్ 1990ల్లో పెట్టినవి. 1 తిన్నటిది, 2 అలలు, 3 రింగులు, 4 బిగుతైన చుట్లు. ఉస్తాద్ ఈ అంకెల మీద రెండు నిమిషాలు కూడా పెట్టలేదు. ఒకే తలలో మూడు రకాలు ఉంటాయి మరి. ఆయనకు ముఖ్యం పొరాసిటీ, అంటే వెంట్రుక నీళ్లు పీల్చే తీరు. వెంట్రుకను గ్లాసు నీళ్లలో వేసి మునిగిందా తేలిందా అని చూసే పరీక్షను ఆయన నమ్మడు. తల తడవడానికి ఎంతసేపు పట్టింది, ఆరడానికి ఎంతసేపు పట్టింది అని అడుగుతాడు. ఆలస్యంగా తడిసి ఆలస్యంగా ఆరేదానికి పలచటి కండిషనర్, చటుక్కున తడిసి చటుక్కున ఆరేదానికి చిక్కటిది.

ప్రొద్దుటూరు అబ్బాయి తల కడిగి మిగతావి చేసి చూపించారు. కండిషనర్ ఉండగానే వేళ్లతో చిక్కు తీయాలి. ఆరిన జుట్టులో దువ్వెన పెట్టకూడదు. నీళ్లు కారుతుండగానే జెల్ రాసి, కొసల నుంచి పైకి గుప్పిట్లో నొక్కడం స్క్రంచింగ్. తువ్వాలుతో రుద్దకుండా పాత కాటన్ టీషర్టులో చుట్టడం ప్లాపింగ్. ఆరాక జెల్ గట్టి పెంకు కడుతుంది, అది క్యాస్ట్. మగవాళ్లు ఎక్కువమంది ఇక్కడే భయపడి మళ్లీ కడిగేసుకుంటారట. రెండు చుక్కల నూనె అరచేతిలో రాసుకుని నలిపితే పెంకు విరిగి మెత్తటి రింగు మిగులుతుంది. అబ్బాయి అద్దంలో చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు.

నాకు అమరావతి, నాగార్జునకొండ శిల్పులు గుర్తొచ్చారు. బుద్ధుడి తల మీద నత్తగుల్లల్లాంటి కురులను ఎంత శ్రద్ధగా చెక్కారు! జనపథ్‌లోని నేషనల్ మ్యూజియంలో మన కృష్ణా తీరపు శిల్పాలున్నాయి, ఈసారి వెళ్తే తలకట్లు చూడండి.

కుంకుడుకాయ సంగతి అడిగాను. పాత ఢిల్లీ ఖారీ బావలీలో ఉసిరి, రీఠా, శీకాకాయ బస్తాలతో అమ్ముతారు. రీఠా అంటే మన కుంకుడుకాయకు ఉత్తరాది చుట్టం. దాని నురుగు సాపోనిన్లది కనుక సబ్బులా తెట్టు కట్టదు. అయితే రింగుల జుట్టును బాగా పొడిబారుస్తుంది, తర్వాత కండిషనర్ తప్పదన్నాడు ఉస్తాద్. కొబ్బరినూనె మాత్రం స్నానానికి ముందు రాయమన్నాడు. అది వెంట్రుక లోపలికి దిగి ప్రోటీన్ నష్టాన్ని తగ్గిస్తుందని, మినరల్ ఆయిల్ అలా చేయలేదని 2003లో వచ్చిన పరిశోధన చెప్పింది. చుండ్రు ఉన్నవాళ్లు నెత్తికి రాయకుండా కొసలకే పరిమితం కావాలి. షాంపూ పూర్తిగా మానేసి కండిషనర్‌తోనే కడగడం, కో-వాష్, ఢిల్లీకి పనికొచ్చే పని కాదని నా అభిప్రాయం. ఈ దుమ్ములో, హెల్మెట్ కింద చెమటలో నెత్తిని వారానికి రెండుసార్లయినా షాంపూతో కడగాలి.

స్ట్రెయిటెనింగ్ గురించి ఒక కుర్రాడు అడిగితే ఉస్తాద్ గొంతు మారింది. ఫార్మాల్డిహైడ్ వదిలే మందులతో పనిచేసి కళ్లు మండిన రోజులు ఆయనకు తెలుసు. పెళ్లి కుదిరిందని, ఇంటర్వ్యూ ఉందని రింగులు తీయించుకోవడానికి మగవాళ్లు ఇప్పటికీ వస్తారట. "ముందు ఒక్కసారి సరిగ్గా కోయనివ్వండి, రెండు నెలలాగి రండి అంటాను. చాలామంది మళ్లీ ఆ మాట ఎత్తరు."

అబ్బాయి సంక్రాంతికి ఊరెళ్తున్నాడు. అక్కడ కటింగ్ చేయించాల్సి వస్తే ఏం చెప్పాలని అడిగాడు. ఉస్తాద్ చెబుతుంటే వాడి ఫోన్‌లో తెలుగులో నేను రాసిపెట్టాను: నీళ్లు చల్లకుండా కోయాలి. పళ్ల కత్తెర వద్దు. పక్కలకు మిషన్ పెట్టినా పైన ముట్టుకోవద్దు. అనుకున్నదానికంటే ఒక అంగుళం ఎక్కువే ఉంచాలి. "మా మంగలి మామ వింటాడన్నా, ఓపికున్న మనిషి" అన్నాడు వాడు డబ్బులు కడుతూ.