బండ లాగే సీమలో పనుల లెక్క

నంద్యాల జిల్లా బేతంచెర్లలో ఊరి పని ఏమిటో ఎవరినీ అడగక్కర్లేదు. పాలిష్ ఫ్యాక్టరీల ముందు నాపరాళ్లు వరసలుగా నిలబెట్టి ఉంటాయి. నీళ్లు చిమ్మే బ్లేడు కింద అంచులు తెగి, నునుపు తేలి లారీలకెక్కుతాయి. క్వారీలో రాయి లేపేవాళ్లు, కోసేవాళ్లు, పాలిష్ పట్టేవాళ్లు, హమాలీలు: జనం ఇళ్లు కట్టుకున్నంత కాలం వీళ్ల చేతికి పని.

ఈ వ్యాసకర్త వెళ్లింది మాత్రం మరో రాయి సంగతి తెలుసుకోవడానికి. అది ఎద్దులు లాగే బండ.

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు తిరునాళ్లొస్తే బండలాగుడు ఉండాల్సిందే. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అంటూ ఎద్దుల వయసును బట్టి విభాగాలు. ఇచ్చిన సమయంలో ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు. ఆ రోజు షామియానాలకు, మైకుసెట్లకు, టీ బండ్లకు నాలుగు డబ్బులొస్తాయి. సాయంత్రానికి అంతా సర్దేస్తారు.

అసలు ఉపాధి గ్రౌండులో లేదు, కొట్టంలో ఉంది. జతకు ఏడాది పొడవునా ఉలవలు ఉడకబెట్టాలి, నడక నేర్పాలి, లాడాలు కొట్టించాలి. మేపడానికి ఒక మనిషి, పందెంలో తోలడానికి చేయి తిరిగిన మరో మనిషి కావాలి. పేరు పడిన జత లక్షలు పలుకుతుంది. సేద్యం ట్రాక్టరు చేతికి పోయాక రైతు ఇంకా ఒంగోలు జాతి ఎద్దును పెంచుతున్నాడంటే ఈ పందేలూ ఒక గట్టి కారణం. పశువును కొట్టి, పొడిచి లాగించడాన్ని మాత్రం సమర్థించలేం.

పెద్ద క్రీడల తీరు వేరు. హైదరాబాదులో 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు, 2003 అక్టోబరు 24 నుంచి నవంబరు 1 దాకా ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగాయి. వాటి కోసం గచ్చిబౌలిలో స్టేడియాలు లేచాయి. కట్టినన్నాళ్లూ మేస్త్రీలకు, కూలీలకు పని దొరికింది. కట్టడం పూర్తయ్యాక ఆ పనీ ముగిసింది. అక్కడి స్పోర్ట్స్ టవర్ 2020లో కోవిడ్ ఆసుపత్రిగా మారింది. అదే గచ్చిబౌలిలో 2008లో మొదలైన పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీకి పిల్లలు రోజూ వస్తారు. కాబట్టి కోచ్‌లకు, ఫిజియోలకు, వంటవాళ్లకు రోజూ పని.

క్రీడలకు ఆతిథ్యమిస్తామనే ప్రభుత్వాలు ఉద్యోగాల సంఖ్య ఒక్కటే చెబితే చాలదు. కట్టడంలో ఎన్నాళ్ల పని, ఆ తర్వాత ఏటా ఎందరికి జీతం అన్నవి విడివిడిగా చూపాలి. కూలీకి నిజంగా ముట్టిందెంతో కూడా అందులో ఉండాలి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల నిర్మాణాల్లో కూలీలకు కనీస వేతనం సైతం సరిగా అందడం లేదని తేల్చింది సాక్షాత్తూ ఢిల్లీ హైకోర్టు నియమించిన కమిటీయే.