మెయిల్ మా ఊళ్లో ఆగదు

హైదరాబాద్ నుంచి గరివిడి రావాలంటే రాత్రి రైలెక్కి పొద్దున్నే విజయనగరంలో దిగాలి. అక్కడ ప్యాసింజర్ పట్టుకుంటే మధ్యలో నెల్లిమర్ల, ఆ తర్వాత మా ఊరే. అరగంట ప్రయాణం. ఆ అరగంట కోసం ఒక్కోసారి గంటన్నర ప్లాట్‌ఫారం మీద కూర్చోవాలి. కోరమాండల్, హౌరా మెయిల్ లాంటివి మా స్టేషన్ బోర్డు చదువుకునే టైమ్ కూడా ఇవ్వకుండా దుమ్ము లేపుకుంటూ పోతాయి.

ఈ సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు మావయ్య వాళ్ల అరుగు మీద ఆరుగురం కూర్చున్నాం. పని ఒక్కటే, పేరు పెట్టడం. మాకు రైళ్లంటే పిచ్చి. పాత టికెట్లు, స్టేషన్ ఫొటోలు, రిటైరైన రైల్వేవాళ్లు చెప్పే కబుర్లు పోగుచేస్తుంటాం. నెలకోసారి నాలుగు పేజీల పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపుదామనుకున్నాం. డిజైన్ ఒక్క రాత్రిలో అయిపోయింది. పేరు దగ్గర మూడు వారాలు ఆగిపోయాం. మా సాఫ్ట్‌వేర్ వాళ్లలో ఓ పాత జోకుంది, ఈ ఫీల్డ్‌లో కష్టమైన పనులు రెండే, అందులో ఒకటి పేర్లు పెట్టడమని. జోకు కాదని అప్పుడు తెలిసింది.

ముందు బయటివాళ్లు ఏం పెట్టుకున్నారో చూశాను. మూతపడబోయే రైలుని జనమే పూనుకుని కాపాడుకోవడం 1950లో వేల్స్‌లోని టాలిలిన్ రైల్వేతో మొదలైంది. తర్వాత అలాంటివి చాలా వచ్చాయి, ఒక్కోదానికీ ఓ పత్రిక. ఇంగ్లాండులో కీథ్లీ అండ్ వర్త్ వ్యాలీ రైల్వే వాళ్లది ‘పుష్ అండ్ పుల్’. ఇంజిన్ వెనకుంటే తోస్తుంది, ముందుంటే లాగుతుంది, అంతే. యార్క్‌షైర్‌లో బీడు కొండల మీదుగా వెళ్లే రైలు వాళ్లది ‘మూర్స్ లైన్’. మన డార్జిలింగ్ చిన్న రైలు మీద ప్రేమతో బ్రిటన్‌లో పెట్టుకున్న సొసైటీ పత్రిక ‘ది డార్జిలింగ్ మెయిల్’. భలే ఉంది కదా? మా ఫ్రెండ్ వెంటనే ‘గరివిడి మెయిల్’ అన్నాడు.

మావయ్య నవ్వేశాడు. ఆయన గ్యాంగ్‌మన్‌గా చేరి కీమన్‌గా రిటైరయ్యాడు. భుజాన స్పానరు, సుత్తి పెట్టుకుని రోజూ పట్టాల మీద నడిచి, ఊడిన కీలు బిగించిన మనిషి. “మెయిలు మనూర్లో ఎప్పుడాగిందిరా?” అన్నాడు. ఆ పేరు అక్కడితో సరి.

‘పొగబండి’ చెవికి బాగుంది గానీ, మాలో సగంమంది పుట్టేసరికే పొగ ఇంజిన్లు వెళ్లిపోయాయి. సాలూరు, బొబ్బిలి మధ్య ఏళ్ల తరబడి తిరిగిన ‘రైలుబస్సు’ పేరు నాకు ఇష్టం. కానీ అది వాళ్లది, మనం లాక్కుంటే బాగోదు. ఇంకొకడు ‘వాల్తేరు’ అన్నాడు. వాల్తేరు డివిజన్ పేరుని విశాఖపట్నం డివిజన్‌గా మార్చడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. అది వలస పాలన నాటి పేరు, మార్చాలన్నది కారణం. నాకైతే ఆ మాటలో తెల్లవాడెవడూ కనపడడు, మావయ్య సర్వీసంతా కనపడుతుంది. అయినా ఆ పేరు పెడితే డివిజన్ల గొడవ పత్రిక అనుకుంటారని వదిలేశాం.

మా వైపు పేర్లకేం తక్కువ లేదు. మన దేశంలో మాంగనీస్ తవ్వకం 1892లో మొదలైంది ఈ ప్రాంతంలోనే. ఇక్కడి కోడూరు గనిలో దొరికిన ఓ రాయికి ఫెర్మార్ అనే జియాలజిస్టు ‘కోడూరైట్’ అని పేరు పెట్టాడు. ఓ పల్లెటూరి పేరు అలా జియాలజీ పుస్తకాల్లోకి ఎక్కిపోయింది. ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం వేసింది కూడా ఆ రోజుల్లోనే, 1893 నుంచి 1896 దాకా. తర్వాత మా వైపు లైను బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికెళ్లింది. 1950ల్లో ఫేకర్ ఫ్యాక్టరీ వచ్చింది, శ్రీరాంనగర్ కాలనీ వెలిసింది. అందుకని ‘మాంగనీస్’ అన్నాను. బ్యాటరీ కంపెనీలా ఉందన్నారు.

చివరికి నాకు బాగా నచ్చింది ‘లైన్ క్లియర్’. ఈ స్టేషన్ నుంచి బండి కదలాలంటే ముందు స్టేషన్ మాస్టరు ‘లైన్ ఖాళీగా ఉంది, పంపండి’ అనాలి. ఆ ఒప్పుకోలునే లైన్ క్లియర్ అంటారు. ఒక ఊరు ఇంకో ఊరితో ఆడే మాట! పత్రికకి ఇంతకంటే ఏం కావాలి? అందరూ సరేనన్నారు. నేను లోగో కూడా మొదలుపెట్టేశాను.

టీ గ్లాసులు పెడుతూ అమ్మ అంది, “ఆ మాటొద్దురా.”

ఎందుకో ఎవరూ అడగలేదు. 2023 అక్టోబర్ 29, ఆదివారం సాయంత్రం. విశాఖ నుంచి పలాస వెళ్లే ప్యాసింజర్‌ని కంటకాపల్లి, అలమండ మధ్యలో వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ గుద్దేసింది. 14 మంది చనిపోయారు. అమ్మ ఆ పలాస బండి కోసమే విజయనగరం స్టేషన్లో కూర్చుంది. నేను హైదరాబాద్‌లో టీవీ ముందు. ఆమె బండెక్కిందో లేదో, అసలు ఎక్కడుందో తెలీదు. ఫోన్ ఎత్తదు. నలభై నిమిషాల తర్వాత ఎవరిదో ఫోన్ నుంచి చేసి, “చార్జింగ్ నేదురా, బండి రాలేదు” అంది. ఆమెకి అప్పటికి సంగతి తెలీదు. నేనే చెప్పాను.

లోగో ఫైల్ మూసేశాను.

“మరేం పెడదాం?” అన్నాడు ఫ్రెండ్.

“ఏటుంది, పలాస బండి” అంది అమ్మ. “పెళ్లికెల్లినా అదే, ఆస్పత్రికెల్లినా అదే.”

మావయ్య తల అడ్డంగా ఊపాడు. “వద్దమ్మా. ఆ పేరు ఇంటే జనానికి ఆ రోజే గుర్తొస్తాది.”

“రానీ అన్నయ్యా. మర్చిపోవాలా ఏటి? లైను బాగయ్యాక మళ్లీ ఆ బండే ఎక్కినాం గదా.”

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆయన ఎన్నో ఏళ్లు ఆ పట్టాలు చూసుకున్న మనిషి, ఆయన మనసులో ఏముందో నేను అడగలేకపోయాను. చివరికి గ్లాసు కింద పెట్టి, “అలాగే రాయండి” అన్నాడు.

మరి తిరుగు ప్రయాణంలో అదే బండి విశాఖ బండి అవుతుంది కదా అని మా ఫ్రెండ్ లాజిక్ తీశాడు. అందుకే పాఠకుల ఉత్తరాల పేజీకి ‘తిరుగుబండి’ అని పెట్టాం.

మొదటి సంచికలో మొదటి పేజీ అమ్మ చెప్పిందే, ఆ సాయంత్రం విజయనగరం ప్లాట్‌ఫారం మీద తను చూసింది చూసినట్టు. నేను ల్యాప్‌టాప్‌లో టైప్ చేస్తుంటే పక్కనే కూర్చుని, బండి టైమ్ తప్పు రాశావని రెండుసార్లు దిద్దించింది.