టామీకీ ఓ దీపావళి

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను సంబరం ముగిసిందంటే పిల్లల చూపంతా దీపావళి మీదే. ఆ ఇంట్లో మామ్మకు మాత్రం టామీ దిగులు. నిరుడు వీధిలో బాంబు పేలగానే గొలుసు తెంపుకుని పారిపోయింది. మూడోనాడు అయ్యకోనేరు గట్టున దొరికింది.

మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్‌ల దాకా వినబడితే, కుక్కకు దాదాపు 45 వేల దాకా వినబడుతుంది. మనకు అందని చప్పుళ్లే దానికి అందుతాయి. ఇక బాంబు సంగతి చెప్పాలా?

ఈసారి మామ్మ పొద్దు గూకకముందే దాన్ని బయట తిప్పించి, అన్నం పెట్టి లోపలి గదిలోకి పంపింది. కిటికీలు మూసి, టీవీ పెట్టింది. మెడపట్టీ మీద ఫోన్ నంబరు రాయించింది. కిస్‌మిస్ వేసిన లడ్డూలు, చాక్లెట్లు అటక ఎక్కించింది. అవి కుక్కలకు విషం మరి!

గోగుకాడల దివిటీలు తిప్పేసి వచ్చిన మనవడు తలుపు సందులోంచి తొంగిచూశాడు.

‘‘మామ్మా, టామీ తొంగుంది!’’

చేతిలోని ఆఖరి బాంబును మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.